బాపు కడిగిన రాయి

మొన్న ఒక పొద్దున పాపకు జడ వేస్తుండగా వంటింటి అరమీద బోర్లించిన స్టీలు గ్లాసులు వాటంతట అవే గలగలమన్నాయి. రెండు సెకన్లో మూడు సెకన్లో, అంతే. మొదట హైవే మీద పెద్ద లారీ ఏదో పోతోందనుకున్నాను, కొత్తకోటలో కాపురం ఉండేవాళ్ళకు అది అలవాటే. కానీ లారీ పోతే కిటికీ అద్దం మోగుతుంది, కాళ్ళ కింద బండ మోగదు. దువ్వెన పాప జుట్టులోనే ఉండిపోగా, సగం జడతోనే దాన్ని చంకనెత్తుకుని వీధిలోకి పరుగెత్తాను. అప్పటికే గల్లీ అంతా బయట ఉంది. పక్కింటి అక్క నన్ను చూడగానే, "నువ్వు రాళ్ళ సదువు సదివినవ్ గదనే, జర చెప్పు, మల్ల వస్తదా?" అని అడిగింది. అందరూ నావైపు తిరిగారు. మన పీఠభూమి చాలా పాతది, గట్టిది, భయపడాల్సిందేం లేదని, బడిలో పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాను. చెబుతున్నంతసేపూ పాపను మాత్రం చంక దించలేదు.

లోపలికి వచ్చి గ్యాసు కట్టేసిందీ లేనిదీ మూడోసారి చూసుకుంటుండగా మోత్కూర్ దగ్గరి మా ఊరి నుంచి బాపు ఫోను చేశాడు. మేము బాగున్నామని తెలుసుకున్నాక గొంతు తగ్గించి, ఏదో ఇంటి గుట్టు అడుగుతున్నట్టు, "బిడ్డా, మన గుట్ట మీది గీతనే కదిలిందా ఏంది? మనం కుడికని రాసినం గదా, ఇప్పుడు గూడ కుడికే జరిగుంటదా?" అన్నాడు.

ఆ గీతకూ ఈ కదలికకూ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు, ఉండకపోవచ్చు కూడా. ఆ మాటే చెప్పి ఫోను పెట్టేశాను. కానీ మనం రాసినం అని బాపు అన్న మాట ఆ రోజంతా నన్ను వదలలేదు. ఎందుకంటే రాసింది మేము కాదు, నేను. తప్పని తెలిసే అలా ఉండనిచ్చాను. తొమ్మిదేళ్ళుగా ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో పీజీ చదివిన మా తరం ఆడపిల్లలకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. డిగ్రీ అయిపోగానే ఏదో ఒక సీటు వస్తే చాలనుకుని చేరిపోయినవాళ్ళం మనలో చాలామందిమి. నాకు జియాలజీలో వచ్చింది. అదేం చదువో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మ చాలాకాలం అది బోర్ల చదువని చెప్పుకుంది, ఎక్కడ నీళ్ళు పడతాయో చెప్పే చదువన్నమాట. బాపు మాత్రం సెలవులకు వచ్చినప్పుడల్లా నా పుస్తకాల్లోని బొమ్మలు తిప్పి చూసేవాడు. బాపుది చిటికి పని. తెల్లటి నూలును చట్రానికి లాగి కట్టి, దానిమీద బొగ్గుతో గీతలు గీసి, రంగు అంటకూడదనుకున్న చోటల్లా రబ్బరు పట్టీలతో బిగించి, అద్దకం వేసి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ అద్ది, చివరికి ఆ పోగులన్నీ మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి చేరితే పువ్వో ఏనుగో అయ్యే పని. ఒక్క పోగు వెంట్రుకవాసి జరిగినా ఏనుగు తొండం మసకబారుతుంది. అందుకేనేమో, పొరలు మడతలు పడి, తెగి, పక్కకు జరిగిన రాళ్ళ బొమ్మలు చూసినప్పుడు బాపు అందరిలా ఆశ్చర్యపోయేవాడు కాదు. ఇది ఎక్కడ గుంజితే గిట్లయింది అని అడిగేవాడు. మా సారు కూడా మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే.

రెండో ఏడు ప్రాజెక్టుకు సారు నాకిచ్చింది కట్టంగూర్ అవతల గుట్టల్లో ఒక భ్రంశ మండలం. మామూలు మాటల్లో చెప్పాలంటే, నేల పగిలి రెండు వైపులా ఒకదాన్నొకటి రాసుకుంటూ జరిగిన జాగా. ఒక్క గీతలా ఉండదది, ఇటు పొలం నుంచి అటు పొలం దాకా వెడల్పుగా ఉత్తర దక్షిణాలుగా పోతుంది. మన ప్రాంతపు గ్రానైటు సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్ళనాటిది. ఎప్పుడో అది చాలా లోతున, వేడిమీద ఉన్నప్పుడు దాన్ని పక్కకు తోస్తే పగలలేదు, పిండిలా సాగింది. గులాబీ రంగు పలుకులు సాగి సాగి చిన్న చిన్న కండ్లలా మారి, ఒక్కో కంటికి అటొక తోక ఇటొక తోక వచ్చాయి. ఆ తోకలు ఎటు వంగాయో చూస్తే నేల ఎటు జరిగిందో చెప్పొచ్చు. తర్వాత ఎన్నో యుగాలకు పైనున్న నేల అరిగి, ఆ రాయి పైకొచ్చి, చల్లబడి, గట్టిపడింది. అప్పుడు మళ్ళీ తోపుడు వస్తే ఇక సాగలేదు, పగిలింది. ఒకే జాగాలో రెండు కాలాలు, రెండు రకాల దెబ్బలు. అవి రెండూ ఒకే వైపుకా కాదా అన్నదే నా ప్రాజెక్టు.

రెండోసారి జరిగింది కంటికే కనిపించేది. గ్రానైటులో గోడలా పోయే నల్లరాయి ఒకటి ఆ గీత దగ్గరికి రాగానే ఠక్కున తెగిపోయి, నాలుగు అడుగులు పక్కన మళ్ళీ మొదలయ్యేది. మొదటిరోజే బాపు దాని మీద నిలబడి, తల ఇటు వంచి అటు వంచి, "నల్లపోగు తెగి కుడికి జరిగింది, సూడు" అన్నాడు. ఆ మాట చెప్పడానికి నాకు దిక్సూచీ, పటమూ, అరగంటా పట్టాయి.

బాపు నాతో ఎందుకున్నాడంటే, ఒంటరిగా ఆడపిల్ల గుట్టల్లో తిరగొద్దని సారు గట్టిగా చెప్పారు. మా బ్యాచులో అమ్మాయిలం ముగ్గురమే, ముగ్గురివీ మూడు దిక్కులు. దాంతో బాపు మగ్గం మీది చీర అలాగే ఆపేసి ఐదు రోజులు నాతో వచ్చాడు. పొద్దున్నే బస్సు, నకిరేకల్‌లో మారడం, అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె, ఎల్లిపాయకారం, మధ్యాహ్నం బండ నీడలో కూచుని తినడం, మళ్ళీ నడక. సంచి మొయ్యనిచ్చేవాడు కాదు. నేను సుత్తి ఎత్తినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేవాడు, నా వేలు నలుగుతుందేమోనని. ఇప్పుడు నా బిడ్డ మెట్లు దిగుతుంటే నేను చేసేది సరిగ్గా అదే.

రాయి కొట్టేముందు ఒక పద్ధతుంది. నేలలో ఉన్నది ఉన్నట్టుండగానే దానిమీద ఉత్తరం వైపుకు బాణం గీయాలి, పైకి చూసే ముఖం ఏదో గుర్తు పెట్టాలి. ఆ తర్వాతే కొట్టాలి. పైముఖం తెలియకపోతే ఆ రాయి వృథా. గాజుపలక మీద గీసిన మెలికను వెనక నుంచి చూస్తే అటుది ఇటైనట్టు, రాయి బోర్లాపడితే ఎడమకు జరిగింది కుడికి జరిగినట్టు కనిపిస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతి నాకు తెలుసు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. అయినా ఐదో రోజు సాయంత్రం, మొత్తం తొమ్మిది రాళ్ళలో తొమ్మిదోది, గీతకు సరిగ్గా నడిమధ్యలోది, అన్నిటికంటే ముఖ్యమైనది కొట్టేవేళకు చెరగని సిరా మార్కర్ ఎండిపోతే, సంచిలో అడుగున దొరికిన మామూలు స్కెచ్ పెన్నుతో గీసి ఊరుకున్నాను. పొద్దు గూకుతోంది, చివరి బస్సు దాటిపోతుందన్న భయం. ఆ రాయి పెద్దదై మోయలేనంతగా ఉంటే రెండు ముక్కలు చేశాను, గుర్తున్న పెద్ద ముక్క నాకు, చిన్నది ఊరికే బాపు సంచిలో వేసుకున్నాడు.

తెల్లారి నేను హైదరాబాదు పోవాలి. లేచేసరికి వాకిట్లో గోనెపట్టా మీద తొమ్మిది రాళ్ళూ వరసగా ఆరబెట్టి ఉన్నాయి, పెళ్ళివారింటి గిన్నెల్లా తళతళలాడుతూ. బాపు తెల్లవారుజామునే లేచి కుంకుడు నురగలో నానబెట్టి, కొబ్బరిపీచుతో తోమాడట. చిటికి పనిలో బొగ్గుగీత పని నడిచేటప్పటిదే. అద్దకాల్లో, ఉతుకుల్లో అది పోవాలి. తయారైన చీర మీద గీత మిగిలితే అది పనితనం కాదు, షావుకారు ముందు తలవంపు. తన బిడ్డ సారు ముందు తలవంచుకోకూడదని బాపు గీతలు కడిగేశాడు. ఎనిమిది రాళ్ళ మీద మార్కర్ గుర్తులు వెలిసినా మిగిలాయి. తొమ్మిదో రాయి మీద ఏమీ లేదు.

నేను అన్న మాటలు ఇక్కడ రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పైముఖం ఏదో తెలియకపోతే ఈ రాయిని పారేసుకోవాల్సిందేనని అరిచాను. బాపు తడిచేతులతో నిలబడి, "మన బట్టకు పైన కింద ఉండదు గద బిడ్డా, ఎటు తిప్పినా ఒక్కటే ఉంటది, రాయి గూడ గట్లనే అనుకున్న" అన్నాడు. నిజమే, చిటికి నేతకు రెండు ముఖాలూ ఒకటే, ఎటు కట్టుకున్నా అదే పువ్వు. జీవితమంతా అలాంటి బట్టే నేసిన మనిషికి అంతకంటే వేరే ఎలా తోస్తుంది? అది అప్పుడు నాకు తట్టలేదు. "నీకేం తెల్వదు బాపూ, తెల్వని దాంట్ల ఏలెందుకు పెడ్తవు, పోయి మగ్గం కాడ కూసో" అన్నాను. గల్లీలో నీళ్ళు పట్టుకునేవాళ్ళు నలుగురూ విన్నారు. బాపు చిన్నబోయి, మొదటి బస్సుకు పోయి ఆ రాయిని దాని గుంతలో పెట్టి చూసొద్దామన్నాడు. విరిగిన రాయి దాని చోట్లో ఒకే తీరుగా కూచుంటుంది గదా అని కూడా అన్నాడు. ఎంత సరైన మాట! కానీ రాళ్ళు కోసే గదిలో నా వంతు ఆ మధ్యాహ్నమే, అది తప్పితే మళ్ళీ రెండు వారాలు. వద్దని విసురుగా సంచి ఎత్తుకుని బస్సెక్కాను. చిన్న ముక్క గోనెపట్టా మీదే ఉండిపోయింది.

హాస్టలు గదిలో ఆ రాయిని ఒళ్ళో పెట్టుకుని ఇటు తిప్పాను, అటు తిప్పాను. నోటుపుస్తకంలో గీత వాలు ఉంది, దిక్కు ఉంది, పైముఖం మాత్రం రాయి మీదే ఉండేది. రెండు తీర్లలో ఏదైనా కావచ్చు. సారు అభిప్రాయం నాకు తెలుసు. నల్లరాయి కుడికి జరిగింది కాబట్టి లోతున ఉన్నప్పుడు కూడా కుడికే జరిగి ఉంటుందని ఆయన తరగతిలో రెండుసార్లు అన్నారు. ఎలా పట్టుకుంటే సారు మాట నిజమవుతుందో నాకు చేతి కటకంతో లీలగా కనిపించింది. అలా పట్టుకున్నాక, అవును, ఇలాగే ఉండింది, నాకు గుర్తే అనిపించింది. గుర్తు లేదు. గుర్తు లేదని ఆ క్షణంలోనూ తెలుసు. కొత్త మార్కర్‌తో బాణం గీశాను.

పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఆ రాయి ఎంత అందంగా ఉందో చెప్పలేను. కండ్లు, తోకలు, సన్నటి అభ్రకపు దారాలు, అన్నీ ఒకే వైపుకు దువ్వినట్టు. సారు వచ్చి చూసి, చాలాసేపు చూసి, కుడికి అని నవ్వి నా వీపు తట్టారు. రెండు కాలాల్లోనూ ఒకే వైపు కదలిక అని రాశాను. బైండింగు చేయించాను. మొదటి పేజీల్లో తల్లిదండ్రుల ఆశీస్సులకు కృతజ్ఞతలని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ఐదు రోజులు సంచి మోసింది ఆశీస్సులు కాదు. అది కూడా నాకు తెలుసు.

సోమవారం వైవా. శనివారం సాయంత్రం హాస్టలు వాచ్‌మన్ కబురు పెట్టాడు, మీ నాయిన వచ్చిండని. గేటు దగ్గర బాపు, చేతిలో గుడ్డసంచి, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి గుడ్డపీలిక. సంచిలో అమ్మ పంపిన సర్వపిండి, దాని కింద పాత పంచెముక్కలో చుట్టిన ఆ చిన్న రాతిముక్క. దానికి ఎర్ర నూలు నాలుగు చుట్లు బిగించి, ఒక ముఖం మీద ముడి వేసి, ఒక కొస పొడుగ్గా వదిలి ఉంది.

నేను పోయిన మూడు వారాలకు మగ్గం మీది చీర కోయగానే, ఆ తెల్లారే బాపు ఒక్కడూ ఆ రాయి పట్టుకుని గుట్టకు పోయాడట. ఎండలో గంటలకొద్దీ గుంత వెతికాడట. గొర్లు కాసే ముసలాయన చూసి, "ఏందే, పోయిన సొమ్ము ఏమన్న దొరికిందా?" అని ఎగతాళి చేస్తే, "దొరకలే మామా, ఉన్నది పెట్టిపోదామని వచ్చిన" అన్నాడట. ఆ మాట చెబుతూ బాపు తానే నవ్వాడు. చివరికి గుంత దొరికింది. రాయి ఇటు పెడితే పట్టలేదు, అటు పెడితే పట్టలేదు, మూడోసారి టక్కున కూచుంది, వేలు కూడా దూరనంత. పైకి కనబడే ముఖం మీద బొగ్గుతో ఉత్తరానికి గీత గీసుకుని, బయటికి తీసి, ఆ గీత వెంటే నూలు చుట్టాడు. ముడి పైకి, కొస ఉత్తరానికి. ఉత్తరం ఎట్లా తెలిసిందంటే, గుట్ట ఎక్కేటప్పుడు పొద్దు ఏ పక్క నుంచి వస్తోందో చూసుకున్నాడు. చెప్పు దిగేటప్పుడు తెగింది, అటు నుంచే హైదరాబాదు బస్సెక్కాడు.

ఉండు బాపూ అని పైకి పరుగెత్తాను. గదిలో తలుపు గడియ పెట్టి, కోయగా మిగిలిన నా రాయిని, బాపు రాయిని విరిగిన చోట ఒకదానికొకటి ఆనించాను. కోతలో కొంత పోయినా విరిగిన అంచు ఇంకా ఉంది, అతుక్కున్నాయి. నా బాణం గుర్తు పైకి చూస్తుంటే బాపు ముడి కిందికి చూస్తోంది.

నా రాయి బోర్లాపడింది. మొదటిసారి, లోతున వేడిగా ఉన్నప్పుడు ఆ నేల ఎడమకు జరిగింది. ఎన్నో యుగాల తర్వాత, చల్లబడ్డాక, అదే గీత వెంట తిరిగి కుడికి వచ్చింది. సారు అనుకున్నదానికంటే పెద్ద కథ అది, ఎక్కువ నిజమైన కథ. అందులో సగాన్ని నేను మార్కర్‌తో చెరిపేశాను. సోమవారం పొద్దున సారు గదికి పోయి చెప్పొచ్చు. బైండింగు విప్పించొచ్చు, గడువు అడగొచ్చు. ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు తోచింది ఒక్కటే, పైముఖం ఎలా తెలిసిందని సారు అడిగితే ఏం చెప్పాలి?

కిందికి దిగాను. బాపు గేటు పక్క సిమెంటు దిమ్మ మీద కూచుని, వాచ్‌మన్ ఇచ్చిన నీళ్ళు తాగుతూ, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఫలితాల కాగితం కోసం పిల్లలు నిలబడతారే, అలా.

"సరిపోయిందా బిడ్డా?"

"సరిపోయింది బాపూ. నేను రాసిందే."

ఆ మొహంలో వచ్చిన వెలుగు చూసి నాకు ఊరటగా అనిపించిందంటే నమ్ముతారా? తాను కడిగి చెడగొట్టింది తానే బాగుచేశానన్న వెలుగు అది. కుడికే గదా అని మళ్ళీ ఒకసారి అడిగి రూఢి చేసుకుని, ఒంటి చెప్పుతోనే బస్సెక్కి పోయాడు. కొత్త చెప్పులు కొనుక్కొమ్మని అనాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఆ తర్వాత మా మగ్గాల గల్లీలో ఏళ్ళ తరబడి, ఎవరు కూచున్నా బాపు చెప్పిన కథ అదే. మా బిడ్డ, నేను కలిసి భూమి ఎటు జరిగిందో పట్టినం.

వైవా బాగా జరిగింది. నా పటం సారు దగ్గర ఉండిపోయింది. తర్వాతి ఏళ్ళలో ఇద్దరు జూనియర్లు దానికి ఉత్తరాన ఒకరు, దక్షిణాన ఒకరు తమ పటాలు అతికించుకున్నారని విన్నాను. నాకు ఆ రంగంలో ఉద్యోగం రాలేదు. పెళ్ళయింది, ఈ హైవే ఊరికి వచ్చాను, బడిలో చేరాను, పాప పుట్టింది. రెండు రాళ్ళూ ప్రతి కిరాయి ఇంటికీ నాతోపాటే మారాయి, బీరువా అడుగున, చలికాలం బట్టల కింద. మా ఆయన ఒకసారి బరువెందుకని అడిగితే చదువుకున్నప్పటివని అన్నాను. పాప జ్వరం పడ్డప్పుడల్లా, నిద్రలో ఉలిక్కిపడ్డప్పుడల్లా, దాని మేలు కోరి నేను చెప్పే మాటల్లో ఏవి తెలిసి చెబుతున్నానో, ఏవి తెలిసినట్టు చెబుతున్నానో అని భయమేస్తుంది. ఆ పొద్దున గల్లీలో అందరికీ ధైర్యం చెప్పిన గొంతు, హాస్టలు గేటు దగ్గరి గొంతు, రెండూ ఒకటేనని నాకు తెలిసిపోయింది.

ఆదివారం రాళ్ళు సంచిలో వేసుకుని, పాపను తీసుకుని ఊరికి పోయాను. ఇప్పుడు మా ఇంట్లో మగ్గం లేదు. మగ్గం కింది గుంట పూడ్చి బండ పరిచారు. బాపు చేతులు వణుకుతాయి, చిటికి ముళ్ళు పడవు, పక్కింటివాళ్ళ మగ్గానికి రాట్నం మీద నూలు కండెలు చుట్టిపెడుతుంటాడు. రాట్నం దగ్గర కూచున్న బాపు ముందు రెండు రాళ్ళూ పెట్టి చెప్పేశాను. అది సరిపోలేదని, నాది బోర్లాపడిందని, తాను కట్టిందే సరైనదని, ఆ రోజు తెలిసే అబద్ధం చెప్పానని.

బాపుకు మొదట తప్పు సంగతి చెవికెక్కలేదు. భూమి సంగతే ఎక్కింది. "అంటే ముందుగాల ఎడమకు పోయి, మల్ల కుడికి వచ్చిందా? గంత పెద్దది ఎనుకకు మర్లిందా?" అని రాళ్ళను అతికించి, విడదీసి, అతికించి చూశాడు. తర్వాత నెమ్మదిగా చెయ్యి రాళ్ళ మీదే ఆగిపోయింది.

"మరి గానాడు సరిపోయిందంటివి."

పాపను ఒళ్ళోకి లాక్కున్నాను.

"గల్లీల అందరికి చెప్పుకున్న బిడ్డా."

అంతకంటే పెద్ద మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పొయ్యి దగ్గర నుంచి అమ్మ, "తొమ్మిదేండ్లు కుడి కుడి అని మా చెవులు తిన్నడు, ఇగ ఎడమ అని తింటడు, ఏం ఫికర్ చెయ్యకు" అన్నది. పాప నవ్వింది, ఎందుకో దానికే తెలియదు. బాపు నవ్వలేదు. నన్ను చూడకుండా, "నీ బొమ్మ సూసుకోని ఇంకెవరన్న నేసిన్రా?" అని అడిగాడు.

ఇద్దరని చెప్పాను.

"అయితె విప్పాలె. ఎంత ముందుకు నేస్తె విప్పుడు గంత ఎక్కువైతది. మగ్గం మీద తప్పు కనబడ్డంక మేం ముందుకు నేయం, తెల్సు గద."

ఇప్పుడే మనం గుట్టకు పోయి గుంతలో పెట్టి మళ్ళీ చూద్దామన్నాను, నాకే ఏదో శిక్ష కావాలన్నట్టు. బాపు తల అడ్డంగా ఊపాడు. పోయిన నెల కట్టంగూర్ దిక్కు పోతూ బస్సులోంచి చూశాడట. కంకర కోసం ఆ గుట్ట తూర్పు చరియను కోసేశారట. నల్లపోగూ లేదు, గుంతా లేదు. ఎర్ర నూలు వెలిసి గులాబీ రంగుకు వచ్చిందని, వదులైన చోట బిగిద్దామని నేను వేలు పెట్టబోతే, బాపు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. "ముట్టకు. ఇగ గదొక్కటే మిగిలింది."

తిరిగి వచ్చాక సారుకు ఉత్తరం రాశాను. ఆయన రిటైరయ్యారు, అయినా మూడు రోజుల్లో జవాబు వచ్చింది. తిట్లు లేవు, ఓదార్పూ లేదు. రాళ్ళు రెండూ తీసుకుని రమ్మన్నారు, జూనియర్లిద్దరికీ నన్నే రాయమన్నారు, నమూనాల కాగితం పాతది కొట్టేసి కొత్తది నింపి పంపమన్నారు. ఆ కాగితంలో ఒక గడి ఉంటుంది, దిశ గుర్తించినవారు అని. తొమ్మిదేళ్ళ కింద అందులో నా పేరు రాసుకున్నాను. ఈసారి బాపు పేరు ఇంటిపేరుతో సహా రాశాను. పక్కనే గుర్తుపెట్టిన విధానం అన్న గడిలో ఒక నిమిషం ఆగి, ఎర్ర నూలు, ముడి పైకి, కొస ఉత్తరానికి అని రాశాను. జూనియర్లకు ఉత్తరాలు ఇంకా పూర్తి కాలేదు. మొదటిది రెండుసార్లు చించాను.

బాపు ఇప్పుడు గల్లీలో ఏం చెబుతున్నాడో అమ్మను అడిగాను. ఏమీ చెప్పట్లేదట. ఆ కథే ఎత్తట్లేదట. మా పటం మీద ఆ చరియ ఇంకా ఉంది, గీతలన్నీ ఎక్కడివక్కడే. నేల మీద ఆ చరియ లేదు, ఇంట్లో మగ్గం లేదు. ఫోను చేసినప్పుడల్లా బాపు, మా బిడ్డ, నేను అని మళ్ళీ ఎప్పుడంటాడా అని వింటూ ఉంటాను. పాప ఎట్లుందని అడుగుతాడు, తిన్నవా అని అడుగుతాడు, పెట్టేస్తాడు.